1990 రెజ్లింగ్ సమ్మిట్‌లో గెలుపోటములను ఎలా పంచుకున్నారు?

ప్రశ్న:
1990 ఏప్రిల్ 13న టోక్యో డోమ్‌లో అమెరికాకు చెందిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్, జపాన్‌కు చెందిన ఆల్ జపాన్, న్యూ జపాన్ అనే ప్రొఫెషనల్ రెజ్లింగ్ సంస్థలు కలిసి రెజ్లింగ్ సమ్మిట్‌ను నిర్వహించాయి. ఫలితాలు ముందే నిర్ణయమయ్యే ఈ రంగంలో తన తార ఓడిపోవడానికి ఏ సంస్థా సులువుగా ఒప్పుకోదు కదా, మరి ఆ చిక్కును ఎలా దాటారు?

సమాధానం 1:
చాలావరకు తప్పించుకున్నారనే చెప్పాలి. ప్రధాన పోటీలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తార హల్క్ హోగన్ చేతిలో ఓడిన స్టాన్ హాన్సెన్ ఆల్ జపాన్ తారే అయినా అమెరికన్ కాబట్టి, జపాన్ వీరుడెవరికీ పరువు పోలేదు. అల్టిమేట్ వారియర్ టైటిల్ కోసం తలపడిన టెడ్ డిబియాసీ కూడా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాడే. డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు చెందిన బ్రెట్ హార్ట్, టైగర్ మాస్క్ ముసుగులోని ఆల్ జపాన్ రెజ్లర్ మిత్సుహారు మిసావాల పోటీని 20 నిమిషాల గడువు ముగిసేవరకూ నడిపి డ్రాగా తేల్చారు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తార ఆండ్రే ది జెయింట్, ఆల్ జపాన్ అధినేత జెయింట్ బాబాలనైతే ఏకంగా ఒకే జట్టులో నిలిపారు.

సమాధానం 2:
పై జాబితాకు ఆల్ జపాన్ తార గెనిచిరో తెన్ర్యూ మినహాయింపు, ఎందుకంటే ఆయన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తార రాండీ శావేజ్‌ను నేరుగా ఓడించాడు. నా దృష్టిలో ఆ రాత్రికి అదే మేలిమి పోటీ. హోగన్ విషయానికొస్తే, 1983లో న్యూ జపాన్ ఐడబ్ల్యూజీపీ టోర్నమెంట్ తుదిపోరులో ఆ సంస్థ అధినేత ఆంటోనియో ఇనోకీని ఓడించిన నాటి నుంచీ జపాన్ ప్రేక్షకులకు బాగా తెలిసినవాడే. అందుకే హాన్సెన్‌తో పోటీని అమెరికాలో వాడే లెగ్ డ్రాప్‌తో (కింద పడ్డ ప్రత్యర్థిపై కాలు వేసి పడే దెబ్బ) కాక, జపాన్‌వారు మెచ్చిన యాక్స్ బాంబర్‌తో (వంచిన చేతితో కొట్టే దెబ్బ) ముగించాడు.

సమాధానం 3:
ఆ మైత్రి మాత్రం నిలవలేదు. అదే ఏడాది తెన్ర్యూ ఆల్ జపాన్‌ను వీడి ఎస్‌డబ్ల్యూఎస్ అనే కొత్త సంస్థలో చేరగా, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఆ సంస్థతోనే చేతులు కలిపి 1991 మార్చిలో టోక్యో డోమ్‌కు తిరిగి వచ్చింది.