ఈబుక్స్‌కీ, ఆడియోబుక్స్‌కీ ఇంటి సర్వర్‌లో ఏది పెట్టాలి?

గాజువాక: పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్, డాకర్ (సర్వర్ ప్రోగ్రాముల్ని విడివిడిగా నడిపేది) వేశాను. తెలుగు ఈపబ్‌లు (ఈబుక్ ఫైళ్లు), స్కాన్ పీడీఎఫ్‌లు, అమ్మ వినే ఆడియోబుక్స్ పెట్టాలి. అమ్మకి చదవడం కష్టమవుతోంది కాబట్టి ఆడియోనే ముఖ్యం, ఎక్కడ ఆపితే అక్కణ్ణుంచే మొదలవ్వాలి. పుస్తకాల సర్వర్ సాఫ్ట్‌వేర్లు ఆడియోబుక్‌షెల్ఫ్, కవితా, క్యాలిబర్-వెబ్‌లలో ఏది మంచిది?

ఎంవీపీ కాలనీ: ఇంకో ఆలోచన వద్దు, ఆడియోబుక్‌షెల్ఫ్ పెట్టేయండి. ఎంతవరకు విన్నారన్నది ఒక్కొక్కరి పేరు మీద సర్వర్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో ఆపి ట్యాబ్‌లో వినొచ్చు. ఆండ్రాయిడ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిస్తే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోల్డర్లు మాత్రం జాగ్రత్త: రచయిత పేరుతో ఒకటి, దాని లోపల పుస్తకం పేరుతో ఇంకోటి, అందులో ఎంపీ3లు. అన్నీ ఒకేచోట కుమ్మరిస్తే ఒక్కో ఫైలూ ఒక్కో పుస్తకంలా కనిపించి చిరాకొస్తుంది.

సీతమ్మధార: ఆడియోకి అదే. ఈపబ్ కూడా తెరుస్తుంది గానీ చదవడానికి నాకు కవితానే నచ్చింది, రెండూ పక్కపక్కన నడపొచ్చు. క్యాలిబర్-వెబ్‌కి ముందే క్యాలిబర్ అనే ఈబుక్ ప్రోగ్రామ్ డేటాబేస్ ఉండాలి, అది వాడనివాళ్లకి అనవసర శ్రమ. స్కాన్ పీడీఎఫ్‌లంటే బొమ్మలే, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ అక్షరాల సైజు పెరగదు. ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) చేసే టెసరాక్ట్‌కి తెలుగు డేటా ఉంది, చేసి చూడండి, తప్పులు దిద్దుకోవాలి.

మధురవాడ: ఇంటి బయట వినాలంటే రౌటర్‌లో పోర్టులు (బయటి నెట్ నుంచి లోపలికి దారులు) తెరవకండి, మన పరికరాల్ని ప్రైవేటుగా కలిపే టెయిల్‌స్కేల్ చాలు. ఆడియోబుక్‌షెల్ఫ్ కాన్ఫిగ్ (సెట్టింగులు), మెటాడేటా (పుస్తకాల వివరాలు) ఫోల్డర్లు వేరే డిస్క్‌లో బ్యాకప్ తీయండి.

గాజువాక: థాంక్సండీ. ఈ ఆదివారం ఆడియోబుక్‌షెల్ఫ్ వేస్తాను, కవితా తర్వాత.