ఉగాదికి నెల ముందే లిస్టు రాసుకుంటే టెన్షన్ తగ్గుతుందా, పెరుగుతుందా?

క్లాక్‌టవర్ కోడలు (అనంతపురం):

సంక్రాంతి పిండివంటల డబ్బాలు ఇంకా ఖాళీ కాలేదు, మా ఇంట్లో అప్పుడే ఉగాది మాట మొదలైంది. ఈసారి, అంటే 2026లో, పండగ మార్చి 19, గురువారం. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే ఆదివారం దాకా నాలుగు రోజులు కలిసొస్తాయి కాబట్టి బెంగళూరు నుంచి మా మరిది వాళ్ళు, హైదరాబాద్ నుంచి మా ఆడబిడ్డ వాళ్ళు అందరూ వస్తామన్నారు. పిల్లలతో కలిపి పన్నెండు మందిమి. వస్తున్నారంటే నాకూ సంతోషమే. కానీ పోయిన ఉగాది రోజు మధ్యాహ్నం అవుతున్నా నాకు తలంటు పోసుకోవడానికే కుదరలేదు. ఓళిగలు (బొబ్బట్లు) సగంలో ఉండగా గ్యాస్ అయిపోయింది, తర్వాత బెల్లం చాలలేదు, ఆ తర్వాత పాలు.

అందుకని ఈసారి ఏ వారం ఏ పని, ఎవరు చేయాలి, ఎంత ఖర్చు అని ఇప్పుడే రాసి ఫ్రిజ్‌కు అంటించాలనుకుంటున్నా. మా అత్తమ్మ వద్దంటున్నారు. "పండగేమన్నా పెండ్లా? ఇప్పట్నుంచే మొదలుపెడితే నెలంతా అదే దిగులు" అంటారు. ఆమె నలభై ఏండ్లు ఈ ఇంట్లో పండగలు చేసిన మనిషి, ఆ మాట తేలిగ్గా తీసేయలేను. మీ ఇండ్లలో ఎట్లా? ముందే రాసుకున్నవాళ్ళకు నిజంగా టెన్షన్ తగ్గిందా?

పొద్దుటూరు బట్టలంగడి:

రాసుకోమ్మా. పండగ ముందు వారం మా అంగట్లో కూర్చుంటే తెలుస్తుంది, ఎంతమంది మొగుడూపెండ్లాలు కౌంటర్ ముందే గొడవ పడతారో. చంటిపిల్లల సైజులు అయిపోయి ఉంటాయి. నచ్చిన రంగు ఉండదు, ఉన్నదేమో బడ్జెట్‌కు అందదు. చీర ఏ రోజైనా దొరుకుతుంది, జాకెట్ కుట్టేవాళ్ళే దొరకరు. ఈసారి రంజాన్ కూడా ఉగాదికి ఒకటి రెండు రోజుల తేడాతోనే వస్తోంది. రెండు పండగలకూ అదే టైలర్లు, అవే మిషన్లు. ఫిబ్రవరి నెలాఖరు లోపల గుడ్డ ఇచ్చేయండి. అంగడివాడిగా కాదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా చెప్తున్నా.

ఉరవకొండ మనవడు:

నేను ఒప్పుకోను. మీ అత్తమ్మ మాటే నిజమక్కా.

మా జేజికి రాయడం రాదు. కానీ ఇరవై మందికి ఓళిగలు చేసేది, ఏ రోజూ ఆమె మొహంలో ఈ టెన్షన్ నేను చూడలేదు. అప్పట్లో వీధిలో ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఈరోజు మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో అని పిండివంటలు చేసుకునేవాళ్ళు. ఇల్లు దులిపేటప్పుడు మా చిన్నాయనలు అటకెక్కేవాళ్ళు, పిల్లలం ఇత్తడి సామాను చింతపండుతో తోమేవాళ్ళం. ఇప్పుడు చేతులు తగ్గిపోయాయి, అసలు కష్టం అది. చేతులు తగ్గినచోట కాగితం ఎంత పెద్దదైతే ఏం లాభం?

రెండోది ఖర్చు. నెల ముందే లెక్క రాయడం జీతగాళ్ళకు కుదురుతుంది. మాది వాన మీద నడిచే సేద్యం. వేరుశనగ అమ్మిన దుడ్లు వచ్చినరోజే అప్పుల కిందికి పోతాయి. ఉగాది నాటికి చేతిలో ఎంత మిగులుతుందో ఇప్పుడెట్లా రాయాలి? రాసుకుని, అది జరగకపోతే ఆ బాధ ఇంకా ఎక్కువ.

సిల్క్‌బోర్డ్ అనంతపురం:

తమ్ముడూ, చేతుల విషయం ఒప్పుకుంటా. కానీ ఆ చేతులు ఊరికి చేరాలంటేనే ముందు ప్లాన్ కావాలి కదా. నేనుండేది బెంగళూరులో. రైలు రిజర్వేషన్ ఇంతకుముందు 120 రోజుల ముందు తెరిచేవాళ్ళు, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులే చేశారు. మార్చి 18 బండికి జనవరి 17 పొద్దున 8 గంటలకు తెరుచుకుంది. ఆ రోజు కూర్చుని తీసుకున్నవాళ్ళు నిశ్చింతగా ఉంటారు. మిగతావాళ్ళు తత్కాల్ అని, ప్రైవేటు బస్సు అని పండగ ముందురోజు దాకా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. కొడుకు బస్సెక్కాడో లేదో తెలియక ఇక్కడ అమ్మ పడే టెన్షన్ కూడా పండగ టెన్షనే.

మీ మరిదిని టికెట్ తీసుకున్నాడో లేదో ఈరోజే అడగండి వదినా. ఇంకొకటి, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. బెంగళూరు నుంచి వచ్చే అంతర్రాష్ట్ర బస్సులకు అది వర్తించదు. తెలియక ఎక్కి కండక్టర్‌తో వాదించుకుంటున్నవాళ్ళను చూశాను.

ఇక డబ్బు. 2025లో ఉగాది మార్చి 30న పడింది. నెలాఖరు. జీతం అందేలోపే పండగ వచ్చిపోయింది, మా ఆఫీసులో చాలామంది క్రెడిట్ కార్డు గీకి పండగ చేశారు. ఆ తేదీ ముందు ఏడాది నుంచే క్యాలెండర్‌లో ఉంది. రైతుకు ఎంత వస్తుందో తెలియదు, నిజమే. అందుకే వచ్చినరోజే పండక్కని కొంచెం పక్కన పెట్టమంటున్నా.

ఉరవకొండ మనవడు:

వచ్చినరోజు వాకిట్లో అప్పులవాళ్ళు నిలబడి ఉంటే ఏది పక్కన పెడతాం అన్నా.

కడప నడివీధి:

ఇంతసేపూ లిస్టు మంచిదా కాదా అంటున్నారు. ఆ లిస్టు ఎవరు రాస్తారు, ఎవరు గుర్తు పెట్టుకుంటారు? అది ఒక్కరూ అడగలేదు.

మా ఆయన ఏం చెప్పినా తెచ్చిపెడతాడు, మంచి మనిషి. కానీ "ఏం తేవాలో చెప్పు" అని సంచి పట్టుకుని నిలబడతాడు. మామిడికాయ ఎన్ని, వేపపూత ఎవరి చెట్టుది, మామగారికి షుగర్ కదా ఆయనకు వేరే ఏం చేయాలి, కిందటేడు ఆడబిడ్డకు పెట్టిన చీర ఏ రంగు, ఇవన్నీ నా తలలోనే ఉండాలి. అవే కాగితం మీద రాసినంత మాత్రాన నా బరువు దిగదు. ఆ కాగితం చూసి అందరినీ తరమాల్సింది మళ్ళీ నేనే. మీ అత్తమ్మ నెలంతా దిగులు అంటున్నది దీన్నేనేమో. ఆమెకు అనుభవం ఉంది.

అందుకని మా ఇంట్లో పద్ధతి మార్చాం. పనికి బదులు ఆ పని తాలూకు ఆలోచన మొత్తం పంచేశాం. మా మరిదికి గ్యాస్, పాలు, పెరుగు, మంచినీళ్ళ క్యాన్లు. ఎన్ని కావాలో, ఎప్పుడు చెప్పాలో లెక్క ఆయనదే. ఎవరూ గుర్తు చేయరు, అయిపోతే జవాబు ఆయనే చెప్పాలి. మా ఆయనకు బట్టలు, టైలర్ చుట్టూ తిరగడంతో సహా. మొదటిసారి పెరుగు తక్కువ పడింది. పదిమంది విస్తళ్ళ ముందు కూర్చున్నారు, మరిది చెప్పులేసుకుని అంగడికి పరిగెత్తాడు. నాకు కాళ్ళు లేచిపోతున్నాయి, పక్కింట్లో అడిగి తెద్దామని. లేవలేదు. కష్టమంతా అక్కడే ఉంది, లేవకుండా కూర్చోవడంలో. మరుసటి ఏడాది పెరుగు మిగిలింది.

ఓళిగలకూ అంతే. ఒకరు కణకలో పూర్ణం పెట్టి ఉండ మూసివ్వాలి, ఒకరు నూనె రాసిన ఆకు మీద తట్టాలి, ఒకరు పెనం దగ్గర ఉండాలి. ముగ్గురు కూర్చుంటే కబుర్లలో అయిపోయే పని, ఒక్కదానికైతే నడుము విరుగుతుంది. అది కూడా మార్చి సెగలో. ఉరవకొండ తమ్ముడూ, మీ జేజి మొహంలో టెన్షన్ లేకపోవడానికి కారణం నువ్వే రాశావు. అటకెక్కిన చిన్నాయనలు.

ఏది వదిలేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఉగాదినాడు మా దేవుని కడప గుడికి ముస్లింలు కూడా వచ్చి దర్శనం చేసుకుంటారు. మా ఊరికే అందమైన ఆచారం అది. కానీ పొద్దున లైను చాలా పెద్దది. పొద్దునే గుడి, పొద్దునే వంట, పొద్దునే పిల్లల తలంట్లు అంటే కుదరదు. మేం గుడిని సాయంత్రానికి మార్చుకున్నాం. కజ్జికాయలు ఇంట్లో చేయడం మానేసి, వంటలు చేసి అమ్మే ఆమె దగ్గర చెప్పి చేయించుకుంటున్నాం. మొదట్లో మా అత్త మొహం ముడుచుకున్నారు. ఇప్పుడు ఆమే ఫోన్ చేసి చెప్తున్నారు.

కర్నూలు పాతబస్తీ:

కడప అక్క మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మా వైపు నుంచి ఒకటి చెప్తా. మాకు రంజాన్ పండగ ఏ రోజో కూడా ముందే తెలియదు. నెలవంక కనిపిస్తే రేపు, లేకపోతే ఎల్లుండి. ప్లాన్ దండగ అనేవాళ్ళు మా ఇండ్లు చూడాలి, తేదీ తెలియకపోయినా ముందే సిద్ధంగా ఉంటాం. షీర్ ఖుర్మాకు సేమియా, ఖర్జూరం, జీడిపప్పు, సారపప్పు ఉపవాసాలు మొదలవకముందే తెచ్చి డబ్బాల్లో పెడతాం. ఉపవాసం ఉండి ఎండలో బజారుకు తిరగలేం కదా. పాలాయనకు రెండు రోజులకూ చెప్పి పెడతాం. చంద్రుడు కనిపించకపోతే ఆ రోజు పాలు తోడు పెట్టేస్తాం, దహీ వడలకు పెరుగు అవుతుంది. ఇక పేదలకిచ్చే దానం, ఫిత్రా, ఎట్లాగూ ఈద్ నమాజుకు ముందే ఇచ్చేయాలి, కాబట్టి ఇంటిల్లిపాది లెక్క చూసి ఆ డబ్బు ముందే తీసిపెడతాం.

అయినా మన చేతిలో లేనివి ఉంటాయి. 2025లో ఉగాది మర్నాడే, మార్చి 31న, రంజాన్ వచ్చింది. ఆర్థిక సంవత్సరం చివరి రోజు కాబట్టి ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకు శాఖలు తెరిచి ఉండాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. బ్యాంకులో పనిచేసే మా తమ్ముడు నమాజు చేసుకుని అట్నుంచటే డ్యూటీకి పోయాడు. మా అమ్మ ఏడ్చింది. ఏ లిస్టూ దాన్ని ఆపలేదు. కానీ మిగతా పనులన్నీ అయిపోయి ఉన్నాయి కాబట్టి సాయంత్రం వాడు వచ్చేసరికి ఇంట్లో అందరూ కొత్తబట్టల్లో తీరిగ్గా కూర్చుని ఉన్నారు, వాడితో కలిసి మళ్ళీ తిన్నారు. పక్కింటి వాళ్ళు ముందురోజు ఇచ్చిన బచ్చాలు (ఓళిగలే) కూడా వాడికోసం దాచాం.

ఉరవకొండ మనవడు:

కడప అక్కా, ఆలోచన పంచుకోవడం అనే మాట నాకు నచ్చింది. ఈసారి ఇల్లు దులపడం, సున్నం, జాజు అన్నీ నావే అని అమ్మకు ఇప్పుడే చెప్పేశా. కానీ ఒక్కటి మాత్రం వదలను. పండగ రోజును గంటల ప్రకారం రాయొద్దు. తలంటు తర్వాత మధ్యాహ్నం దాకా చుట్టాలు ఎప్పుడొస్తే అప్పుడు పచ్చడి పెట్టి కూర్చోబెట్టుకోవడం, పంచాంగం వినడానికి రచ్చకట్ట దగ్గరికి పోయి అక్కడే కూర్చుండిపోవడం, వాటికి టైం పెడితే పండగ ఉండదు. ఖర్చు గురించి నా మాట అట్లాగే ఉంది. చేతిలో లేనప్పుడు కొత్తబట్టలు పిల్లలకే తీసి పెద్దవాళ్ళు మానుకుంటారు, దాన్ని ప్లాన్ అనరు.

సిల్క్‌బోర్డ్ అనంతపురం:

బట్టల విషయంలో నువ్వన్నదే మా ఇంట్లోనూ జరిగింది తమ్ముడూ. మా నాయన చాలా ఏండ్లు ఒకే తెల్ల చొక్కాతో పండగ చేశాడు.

క్లాక్‌టవర్ కోడలు (అనంతపురం):

అందరికీ థ్యాంక్స్. మా అత్తమ్మకు కడప అక్క రాసింది చదివి వినిపించా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మీ మామకు ఉగాదికి ఏమేం కావాలో ఈరోజుకూ తెలీదు" అన్నారు. ఫ్రిజ్ మీద లిస్టు పెట్టడం లేదు. ఇంట్లోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పనులన్నీ పెట్టి, ఎవరికి ఏది కావాలో వాళ్ళనే తీసుకోమన్నా. మరిది టికెట్లు తీసుకున్నాడట, పాలు, గ్యాస్ తనవే అన్నాడు. ఆడబిడ్డ భర్త మర్నాటి వేట మాంసం తీసుకున్నారు, కొనడం నుంచి వండడం దాకా. ఓళిగలు మాత్రం ఇంకా ఎవరూ తీసుకోలేదు. కడప అక్కా, పూర్ణం ముందే చేసిపెట్టుకోవచ్చా? చారు సంగతేంటి?

కడప నడివీధి:

చేసుకోవచ్చమ్మా. రెండు రోజుల ముందు పప్పు ఉడకబెట్టి, నీళ్ళు బాగా వార్చి, బెల్లంతో గట్టిపడేదాకా దగ్గరికి రానిచ్చి రుబ్బి, ఆరినాక మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టు. కొబ్బరి కలపొద్దు, అది ఉంటే తొందరగా పాడవుతుంది. పండగ రోజు ఒక గంట ముందు బయట పెట్టుకుంటే ఉండలు బాగా వస్తాయి. కణక మాత్రం ఆ పొద్దునే కలుపుకో, నూనె పోసి రెండు గంటలు నాననివ్వాలి. వార్చిన కట్టు రెండు రోజులు ఉంచితే పులుస్తుంది, దాంతో ఆ రోజే చారు పెట్టేసుకోండి. పండగ రోజు చారుకు గుప్పెడు పప్పు వేరే ఉడకబెట్టి, అందులో రెండు చెంచాల పూర్ణం కలుపు, రుచి అదే వస్తుంది. ఓళిగలు ఎవరూ తీసుకోలేదంటే నువ్వు తీసుకోవద్దు. గ్రూపులో అట్లాగే వదిలెయ్.