తూటా తగిలాక తుపాకీ మోత ఎన్ని ఫ్రేములకు రావాలి?

అన్నలూ, సౌండ్ డిజైన్ తెలిసినవాళ్లు దారి చూపండి. కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాతివనాల్లో తీసిన యుద్ధ సన్నివేశం ఇది. బండల చాటున నలుగురు జవాన్లు, ఎక్కడున్నాడో తెలియని స్నైపర్. సెకనుకు 24 ఫ్రేములు. నడకకు షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు ఎంతసేపు పడాలో చెప్పే కోణం) 180 డిగ్రీలు, కాల్పులకు 45. దుమ్ము, రాతి పెచ్చులు పదునుగా వచ్చాయి. రెండు స్టాపుల వెలుతురు పోయి (అంటే నాలుగో వంతే మిగిలి) సాయంత్రం షాట్లలో గ్రెయిన్, అంటే చుక్కల గరుకు, కనిపిస్తోంది గానీ, అది సర్దుకోవచ్చు.

అసలు చిక్కు శబ్దంలోనే. స్నైపర్ 340 మీటర్ల దూరంలో ఉంటే మోత చేరడానికి దాదాపు 24 ఫ్రేములు పడుతుంది. తూటా సగటు వేగం సెకనుకు 700 మీటర్లనుకుంటే దానికి 12 చాలు. అంటే జవాను ఒరిగాక 12 ఫ్రేములకు మోత వినాలి. లెక్క సరే, చూస్తే మాత్రం సింక్ (బొమ్మకూ శబ్దానికీ పొంతన) తప్పినట్టుంది! మోతను 20వ ఫ్రేముకు జరిపితే గుండె ఝల్లుమంటోంది, కానీ దూరం అబద్ధమవుతుంది.

తగిలిన ఫ్రేములోనే తూటా చీల్చుకొచ్చే పదునైన చప్పుడు పెడితే ఆ 12 నిలబడతాయా? మోత వినేదాకా ఒరిగినవాడి మీదే షాట్ ఉంచాలా, పక్కవాడి కళ్లకు కట్ చేయాలా? ముందుండే గాలి హోరును ఒక్కసారిగా ఆపితే ప్రమాదం ముందే తెలిసిపోతోంది. ఎన్ని సెకన్లలో తగ్గించాలి?