రోజు విడిచి రోజు నీళ్ళు మారుస్తున్నా మా బెట్టా డల్‌గా ఉంటోంది, ఏం చేయాలి?

నీలితోక:
మాది ముదురు నీలం బెట్టా చేప, తోక బాగా పొడుగు. నాలుగు లీటర్లు పట్టే గుండ్రటి గాజు గిన్నెలో ఉంటోంది. ఫిల్టర్, హీటర్ లేవు. రోజు విడిచి రోజు నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు కుళాయి కింద శుభ్రంగా కడిగి, కొత్త నీళ్ళు పోస్తాను. క్లోరిన్ పోతుందని ముందు రాత్రే బకెట్‌లో పట్టి ఉంచుతాను కూడా. అయినా ఈ మధ్య అడుగున పడి ఉంటోంది. రెక్కలు ఒంటికి అతికించుకున్నట్టు ముడుచుకుంటోంది, తోక అంచులు నలిగిపోతున్నాయి. గుళిక వేస్తే నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తోంది. నీళ్ళు చూస్తే అద్దంలా ఉన్నాయి! ఆర్వో నీళ్ళు పోయమని ఇంట్లో అంటున్నారు. మందు ఏదైనా వేయాలా? నిజంగా టెన్షన్‌గా ఉంది.

ఉప్పురాయి:
అక్వేరియం సాల్ట్ కొంచెం వేసి చూడండి. తోక తెగులుకి చాలామంది అదే వాడతారు.

పాతతొట్టి:
ఉప్పు, మందు రెండూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు ఒక టెస్ట్ కిట్ తెచ్చి అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీళ్ళ ఆమ్ల-క్షార స్థాయి) కొలవండి. అమ్మోనియాకి రంగుండదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయంటే మురికి లేదని మాత్రమే అర్థం, విషం లేదని కాదు.

చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తూనే ఉంటుంది. తినకుండా వదిలేసిన గుళిక కుళ్ళినా వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ కొద్దిగా ఉన్నా ప్రమాదమే, నైట్రేట్ మాత్రం 20 పీపీఎం (అంటే లీటరుకి 20 మిల్లీగ్రాములు) లోపు ఉంటే భయం లేదు. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండేది తక్కువ. రాళ్ళకి, గాజుకి, ముఖ్యంగా ఫిల్టర్ స్పాంజికి అంటుకుని బతుకుతాయి. మీరు రాళ్ళు కడిగిన ప్రతిసారీ వాటినే కడిగేస్తున్నారు. అంటే మీ గిన్నె ఎప్పటికీ మొదటి రోజులోనే ఉంటోంది. దానికి తోడు నీళ్ళన్నీ ఒక్కసారే మారిస్తే వేడి, పీహెచ్ కూడా ఒక్కసారే మారతాయి, చేప తట్టుకోవాలి కదా.

చిన్న గిన్నె చాలన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, నాకు వింటేనే చిరాకు. బెట్టా సొంత చోటు థాయ్‌లాండ్ వైపు వరిచేలు, చిత్తడి నేలలు. అక్కడ నీళ్ళు లోతు తక్కువే, కానీ విస్తీర్ణం ఎంత! దానికి పైకొచ్చి గాలి పీల్చే అవయవం ఉంది కాబట్టి ఆక్సిజన్ తక్కువైనా నెట్టుకొస్తుంది. అమ్మోనియా మాత్రం దాని మొప్పల్ని కూడా కాలుస్తుంది. వేరే చేప త్వరగా పోయే చోట ఇది మెల్లగా పోతుంది, జనం దాన్ని 'గట్టి చేప' అంటారు.

ఆర్వో నీళ్ళు వద్దు. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, పీహెచ్ నిలకడగా ఉండదు.

నీలితోక:
కొలిచానండీ. అమ్మోనియా 1 పీపీఎం, నైట్రైట్ 0, నైట్రేట్ 0, పీహెచ్ 7.8. ఒక వింత: ఇంకా చేపని తాకని బకెట్ నీళ్ళలోనూ అమ్మోనియా కొంచెం చూపిస్తోంది. కిట్ పాడైందంటారా?

పాతతొట్టి:
కిట్ పాడవలేదేమో. కొన్నిచోట్ల కుళాయి నీళ్ళలో క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం. ఉత్త క్లోరిన్ అయితే రాత్రంతా ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. ఇది అలా పోదు. అందుకే డీక్లోరినేటర్, అంటే నీళ్ళలో క్లోరిన్‌ని విరిచే ద్రావణం, వాడాలి. సీసా మీద క్లోరమైన్‌కి కూడా పనిచేస్తుందనీ, అమ్మోనియాని విషం కాకుండా పట్టి ఉంచుతుందనీ ఉందో లేదో చదివి కొనండి.

నైట్రైట్, నైట్రేట్ రెండూ సున్నా అంటే మీ దగ్గర బ్యాక్టీరియా అసలు మొదలవలేదు. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే విషరూపంలో ఉండే అమ్మోనియా భాగం సుమారు పది రెట్లవుతుంది, కాబట్టి 7.8 దగ్గర 1 పీపీఎం చిన్న విషయం కాదు. అలాగని పీహెచ్ తగ్గించే మందులు పోయకండి. ఎగుడుదిగుళ్ళు ఇంకా చెడ్డవి.

కనీసం 15-20 లీటర్ల ట్యాంక్, మూత, గాలి బుడగలతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టండి. మూత ఎందుకంటే బెట్టా దూకుతుంది. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.25 దాటిన రోజల్లా మూడో వంతు నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళలో ముందే డీక్లోరినేటర్ కలిపి, ట్యాంక్ నీళ్ళంత వెచ్చగా ఉన్నప్పుడే పోయండి. ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఎక్కువే పడుతుంది. రెండూ సున్నాకి వచ్చి అక్కడే నిలిచాక వారానికి పావు వంతు చాలు. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్ళలో పిండితే సరిపోతుంది.

ఉప్పు గురించి: నైట్రైట్ ఉన్నప్పుడు కాస్త మేలు చేస్తుంది. అమ్మోనియాని తగ్గించదు. నీళ్ళు ఆవిరైనా ఉప్పు అక్కడే ఉండిపోతుందని గుర్తుంచుకోండి.

ఆకునీడ:
హీటర్ సంగతి ఎవరూ అడగలేదే! 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. నీళ్ళు చల్లబడితే బెట్టా సరిగ్గా ఇలాగే అడుగున కూర్చుంటుంది, తిండి మానేస్తుంది. థర్మామీటర్ పెట్టండి, చేత్తో ముట్టుకుని చెప్పలేం. ఎండిన బాదం ఆకు ఒకటి వేస్తే నీళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి. మా చేపకి అది ఇష్టమే, కానీ అమ్మోనియాకి అదేం చేయదు.

నీలితోక:
ట్యాంక్, హీటర్, ఫిల్టర్ పెట్టాను. రెక్కలు కొంచెం విప్పుతోంది, పైకి వచ్చి తింటోంది. అమ్మోనియా ఇంకా 0.25 దగ్గర ఉంది, నైట్రైట్ ఇప్పుడే కనపడుతోంది. నైట్రైట్ రావడం మంచిదా చెడ్డదా? ఫిల్టర్ గాలి మరీ ఎక్కువేమో అనిపిస్తోంది.

పాతతొట్టి:
బ్యాక్టీరియా మొదలైందన్నమాట. అయితే నైట్రైట్ కూడా చేపకి విషమే, కాబట్టి నీళ్ళు మార్చడం ఆపకండి. తిండి కూడా ఈ కొన్నాళ్ళు పూటకి రెండు గుళికలు దాటకుండా, మిగిలింది వెంటనే తీసేస్తూ ఉండండి. గాలి గొట్టానికి చిన్న వాల్వ్ తగిలించి తగ్గించవచ్చు. పొడుగు తోక బెట్టా ప్రవాహంలో త్వరగా అలిసిపోతుంది. ఈదేటప్పుడు తోక పక్కకి కొట్టుకుపోతుంటే ఇంకొంచెం తిప్పండి, కానీ బుడగలు పూర్తిగా ఆగిపోనివ్వకండి.