డీఏపీ తగ్గించి పీఎస్‌బీ (భాస్వరం కరిగించే బ్యాక్టీరియా) వేసినవాళ్లు ఉన్నారా?

మక్కచేను_వరంగల్: మాది మూడెకరాల ఎర్ర చెల్క. భూసార పరీక్షలో భాస్వరం 'ఎక్కువ' అని వచ్చింది. అయినా యాసంగి చలికి మక్క మొలకల ఆకులు ఊదా రంగుకు తిరుగుతాయి, భాస్వరం చాలలేదేమోనని భయపడి ఎకరానికి బస్తా డీఏపీ వేస్తూనే ఉన్నాను. భూమిలో అంత ఉంటే మొక్కకు ఎందుకు అందదు? ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) సారు డీఏపీ సగం చేసి పీఎస్‌బీ వేయమన్నారు. వేసినవాళ్లు చెప్పండి.

నల్లరేగడి_గుంటూరు: మిర్చికి రెండేళ్లు వేశాను తమ్ముడూ. మొదటి ఏడు సున్నా. తప్పు నాదే. మే ఎండలో రేకుల షెడ్డులో ప్యాకెట్లు పెట్టాను, పైగా తెగులు మందు కలిపిన బకెట్‌లోనే దీన్నీ కలిపాను. ఇంకేం బతుకుతుంది! రెండో ఏడు 2 కిలోలు 200 కిలోల చివికిన పశువుల ఎరువులో కలిపి, నీడలో తడి గోనెలు కప్పి వారం ఉంచి, సాయంత్రం పూట సాళ్లలో చల్లాను. డీఏపీ సగమే వేశాను. దిగుబడి పెరిగిందని చెప్పను. తగ్గలేదు, అంతే.

ల్యాబ్_చెల్లి: మైక్రోబయాలజీ చదివాను కాబట్టి కొంచెం చెప్తాను. మనం వేసిన భాస్వరంలో ఆ పంటకు అందేది చిన్న భాగమే. మిగతాది ఎర్ర నేలల్లో ఇనుము, అల్యూమినియంకు, సున్నం ఉన్న నల్ల నేలల్లో కాల్షియానికి అంటుకుపోతుంది. పరీక్షలో కనపడినా, భాస్వరం మట్టిలో దాదాపు కదలదు, వేరే దాని దగ్గరికి పోవాలి. చలికి వేరు ఎదగక ఆకు ఊదాగా మారుతుంది. ఎండ పెరిగితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

బాసిల్లస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా గ్లూకోనిక్ ఆమ్లం వంటివి వదిలి ఆ ముడి విప్పుతాయి. ల్యాబ్‌లో పాలలా తెల్లగా ఉండే ప్లేటు మీద పెంచితే కొద్ది రోజుల్లో చుట్టూ తేటగా వలయం కడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ పొలం ప్లేటు కాదు. సున్నపు నేల ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే విరిచేస్తుంది. సేంద్రియ పదార్థం లేకపోతే వాటికి తిండి కూడా ఉండదు.

గుంటూరు అన్నా, ఒక్క మాట. సగం డీఏపీ వేసి పీఎస్‌బీ వేయని సాళ్లు కొన్ని వదిలారా?

నల్లరేగడి_గుంటూరు: వదల్లేదమ్మా. దొరికిపోయాను. పాత భాస్వరంతోనే పండిందేమో, నేను చెప్పలేను.

అనుమానం_అప్పారావు: అదీ సంగతి! నేనైతే పీఎస్‌బీ ప్యాకెట్ కొనకుండానే డీఏపీ సగం చేశాను. పంట బాగానే ఉంది. పైగా భాస్వరం మరీ ఎక్కువైతే జింకు అందదు. మా చేలో ఆకులు తెల్లచారలు పడితే మళ్లీ జింకు సల్ఫేటు ఖర్చు.

కోనసీమ_వరి: వరికి ఇంత తలనొప్పి లేదు. నీళ్లు నిలబెట్టాక గాలి ఆడని మట్టిలో బ్యాక్టీరియా ఇనుము రూపాన్ని మారుస్తుంది, దానికి పట్టుకున్న భాస్వరం కొంత వదులుతుంది. ప్యాకెట్ కొనకుండా పనిచేసే సూక్ష్మజీవులు ఇవి.

మిద్దెతోట_విశాఖ: వ్యామ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? అది బూజు జాతి. వేరు చుట్టూ భాస్వరం అయిపోయిన చోటు దాటి, వేరు దూరలేని సందుల్లోకి దాని పోగులు వెళ్లి తెస్తాయి, బదులుగా మొక్క దగ్గర చక్కెర తీసుకుంటాయి. టమాటా నాటేటప్పుడు గుంటలో వేరుకు తగిలేలా వేస్తాను. క్యాబేజీకి కూడా వేసి డబ్బులు పోగొట్టుకున్నాను, ఆవాల కుటుంబం వేర్లు దాన్ని రానివ్వవట! డీఏపీ దట్టంగా వేసినా మొక్క దీన్ని పట్టించుకోదు.

మక్కచేను_వరంగల్: అయితే ఈ యాసంగి ఒక ఎకరం మామూలుగా, ఒకటి సగం డీఏపీ, ఒకటి సగం డీఏపీతో పీఎస్‌బీ. కోత రోజు మూడూ విడిగా తూకం వేస్తాను. మక్క విత్తనం రంగు మందు పట్టించే వస్తుంది కదా, దాని మీదే పీఎస్‌బీ పట్టించొచ్చా?

ల్యాబ్_చెల్లి: వద్దు అన్నా. ఎరువులో కలిపి సాళ్లలోనే వేయండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి కొనండి.