క్షమించాలంటే కేసు వదులుకోవాల్సిందేనా?

అందరికీ వందనాలు. కిందటేడాది మా ఊళ్లో జరిగిన గొడవలో మా బాబాయి కుడిచెయ్యి విరిగింది. ఇప్పటికీ అన్నం కలుపుకోలేడు. కొట్టినవాళ్లూ మా చర్చి సంఘంవాళ్లే. ‘క్షమించి రాజీకి రా, కేసు తీసెయ్’ అని పెద్దలు ఒకటే ఒత్తిడి. (కొట్టినవాళ్లు మాత్రం ఇంతవరకు క్షమాపణ అడగనేలేదు!) ప్రభువు బల్ల (చర్చిలో అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) రోజున బాబాయి రొట్టె ముట్టకుండానే లేచి వెళ్లిపోతున్నాడు.

1999లో ఒడిశాలో తన భర్తనూ ఇద్దరు కొడుకులనూ సజీవదహనం చేసినవాళ్లను ఆస్ట్రేలియా మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ క్షమించారు. అయినా కోర్టు విచారణ ఆగలేదు, ప్రధాన దోషి దారాసింగ్‌కు చివరికి యావజ్జీవ శిక్ష పడింది కదా. మరి బాబాయినెందుకు తప్పుపట్టడం?

కేసు నడుస్తుండగానే సమాధానపడిన కుటుంబాలు మీకు తెలుసా? ముందు ఎవరు కదిలారు, మధ్యవర్తిగా ఎవరు కూర్చున్నారు? పాస్టరుగారితో ఎలా మాట్లాడమంటారు?