కొత్త కంప్యూటర్‌లో ముందే వేసి ఇచ్చిన సాఫ్ట్‌వేర్: మొత్తం తుడిచేయాలా, ఒక్కొక్కటిగా ఆపాలా?

చర్చ ప్రారంభించినవారు
కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌ను అర్ధరాత్రి, పక్కన పసిబిడ్డ నిద్రపోతుండగా ఆన్ చేస్తే ఇల్లంతా వినబడేలా మోగింది. ఆ శబ్దాన్ని ఎలా ఆపాలో వెతుకుతుండగానే యాంటీవైరస్ గడువును గుర్తుచేస్తూ ఒక విండో, వారంటీ పొడిగించుకోమంటూ మరొకటి తెరుచుకున్నాయి. డిస్క్ మొత్తం తుడిచి విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడమే మేలని ఒక మిత్రుడు పట్టుబడుతున్నారు. అంత అవసరమా?

మొదటి సభ్యుడు
అవసరమే. లెనోవో తన ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి అమ్మిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్ సంగతి 2015లో బయటపడింది. అది సిస్టమ్‌లో సొంత రూట్ సర్టిఫికెట్‌ను, అంటే ఏ సైటు అసలైనదో తేల్చడానికి కంప్యూటర్ నమ్మే మూల ధ్రువపత్రాన్ని, చేర్చింది. దాని రహస్య తాళంచెవి అన్ని యంత్రాల్లోనూ ఒక్కటే కావడంతో, ఆ తాళంచెవి సంపాదించిన ఎవరైనా బ్యాంకు సైటుకు సైతం నకిలీని నమ్మించగలిగేవారు. పైగా ప్రోగ్రామ్‌ను తీసేసినా సర్టిఫికెట్ అలాగే మిగిలిపోయేది. కనిపించినవి తీసేస్తే చాలదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? లైసెన్స్ పోతుందన్న భయమూ అక్కరలేదు. విండోస్ 8 కాలం నుంచి తయారీదారులు లైసెన్స్ కీని మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (డిస్క్‌లో కాక మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామ్) ఉంచుతున్నారు కాబట్టి, అదే ఎడిషన్‌ను వేసుకుంటే అది దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

రెండవ సభ్యురాలు
సూపర్‌ఫిష్ ఉదాహరణ సరైనదే, కానీ తుడిచేస్తే అంతా పోతుందన్న ధీమా సరికాదు. ఫర్మ్‌వేర్‌లో దాచిన ఒక ప్రోగ్రామ్‌ను ప్రతి బూట్‌లోనూ నడిపే ఏర్పాటు విండోస్ 8 నుంచే ఉంది. దాన్ని డబ్ల్యూపీబీటీ అంటారు. శుభ్రంగా ఇన్‌స్టాల్ చేసిన విండోస్‌లోకి కూడా తయారీదారు ప్రోగ్రామ్ ఈ దారిలో తిరిగి వచ్చిన సంగతి అదే 2015లో వెలుగుచూసింది. మరోవైపు, బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం, ఫ్యాన్ వేగం, కొన్ని ఫంక్షన్ కీలు చాలా ల్యాప్‌టాప్‌లలో తయారీదారు ప్రోగ్రామ్ మీదే ఆధారపడి ఉంటాయి. వాటిని పోగొట్టుకుని మళ్లీ వెతుక్కోవడం, నా దృష్టిలో, ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులోని స్టార్టప్ యాప్స్ విభాగంలో అనుమానం ఉన్నవాటిని డిసేబుల్ చేసి, ఒక వారం వాడి చూడండి; ఏదీ చెడకపోతే అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డిసేబుల్ చేసినదాన్ని ఒక క్లిక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు.

శబ్దం విషయంలో ముందుగా అది ఎప్పుడు వస్తుందో గమనించండి. కంపెనీ లోగోతో పాటే మోగితే అది ఫర్మ్‌వేర్ పని, బయోస్ సెట్టింగులలో, అంటే ఆ ఫర్మ్‌వేర్ సొంత సెట్టింగులలో, వెతకాలి. లాక్ స్క్రీన్ వచ్చే వేళకు మోగితే అది విండోస్ శబ్దం: సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, థీమ్స్, సౌండ్స్ వరకు వెళ్లి, స్టార్టప్ శబ్దం పక్కనున్న టిక్కు తీసేయండి.

మూడవ సభ్యుడు
ఒక్క మాట. ఆ శబ్దాన్ని చెత్త సాఫ్ట్‌వేర్‌తో ఒకే గాటన కట్టవద్దు. చూపు లేని నాలాంటివారికి యంత్రం లేచిందో లేదో చెప్పేది అదే. ఆపిల్ 2016 నాటి మ్యాక్‌బుక్ ప్రోలో దాన్ని తీసేసి, 2020లో బిగ్ సర్ అనే మ్యాక్ఓఎస్ వెర్షన్‌తో సెట్టింగులలో ఒక టిక్కుగా తిరిగి ఇచ్చింది. ఆపుకునే వీలు ఉండాలనడం వేరు, అసలు ఉండకూడదనడం వేరు.

చర్చ ప్రారంభించినవారు
అది నాకు తట్టనే లేదు, క్షమించండి. నా ల్యాప్‌టాప్‌లో అది విండోస్ శబ్దమే. టిక్కు తీయగానే ఆగింది. ట్రయల్ యాంటీవైరస్‌ను తీసేస్తే విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ దానంతట అదే పనిలోకి వచ్చింది. బ్యాటరీ ప్రోగ్రామ్‌ను ఉంచుకున్నాను. వారంటీ విండో మాత్రం స్టార్టప్ జాబితాలో లేకపోయినా మర్నాడు మళ్లీ తెరుచుకుంది. వెతగ్గా, పనులను నిర్ణీత సమయానికి నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో రోజూ నడిచే పనిగా నమోదై ఉంది. దాన్నీ డిసేబుల్ చేశాను. వారం తర్వాత కూడా అది తిరిగొస్తే మొదటి సభ్యుని దారే పడతాను.